మేజర్ రోజర్స్ బొమ్మ దొరికిందా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి

శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని ఎస్టేట్ సేల్స్ (ఇంట్లోని పాత సామాన్లన్నీ అమ్మకానికి పెట్టే చోట్లు) చుట్టూ తిరిగే బాపతు మనిషిని నేను. న్యూ హాంప్‌షైర్‌కి వచ్చిన కొత్తలో చలికాలం సామాన్లు చవగ్గా దొరుకుతాయని వెళ్లేవాణ్ని, తర్వాత పాత కాగితాల మీదకి మళ్లింది ధ్యాస. ఈ చుట్టుపక్కల మసాచుసెట్స్, వెర్మాంట్, న్యూయార్క్ పైభాగంలో తిరిగేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే బొమ్మ ఒకటుంది. నల్లగా, మఖమల్ గుడ్డలా మెరిసే కాగితం మీద సైనిక దుస్తుల్లో ఒక మనిషి, వెనక నేటివ్ అమెరికన్ యోధులు, కింద పేరు మేజర్ రాబర్ట్ రోజర్స్, తేదీ 1776 అక్టోబర్ 1. అసలుది అరుదు. నకళ్లు మాత్రం కొల్లలు. నేను మొదటిసారి 180 డాలర్లు పోసి కొన్నది ఇరవయ్యో శతాబ్దపు పుస్తకంలోంచి చింపిన పేజీ అని ఇంటికొచ్చాక తెలిసింది. ఆ షాపు పేరు చెప్పను, ఆయన కావాలని మోసం చేశాడని కూడా అనను, ఆయనకీ తెలియదు పాపం. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నా.

రోజర్స్ ఎవరో రెండు ముక్కలు తెలియాలి, ఎందుకంటే బొమ్మ కింద ఉన్న రాతలో అబద్ధం పట్టుకోడానికి అదే పనికొస్తుంది. 1731లో మసాచుసెట్స్‌లోని మెథూయెన్‌లో పుట్టి న్యూ హాంప్‌షైర్‌లో పెరిగాడు. బ్రిటిష్ వాళ్లకీ ఫ్రెంచ్ వాళ్లకీ ఉత్తర అమెరికాలో యుద్ధం జరుగుతున్నప్పుడు రేంజర్లు అనే అడవి దళాన్ని నడిపాడు, 1757లో వాళ్లకి 28 నియమాలు రాసిచ్చాడు, ఇప్పటి అమెరికన్ ఆర్మీ రేంజర్లు ఆయన్నే మూలపురుషుడిగా చెప్పుకుంటారు. 1759 అక్టోబర్‌లో అబెనాకీ అనే నేటివ్ అమెరికన్ తెగవాళ్ల సెయింట్ ఫ్రాన్సిస్ గ్రామాన్ని తగలబెట్టింది కూడా ఈయనే, కాబట్టి అందరికీ హీరో కాదు. తర్వాత లండన్‌లో అప్పులపాలై జైల్లో పడ్డాడు, 1775లో అమెరికా తిరిగొచ్చాడు, స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన చేరాడు, 1795లో లండన్‌లోనే పోయాడు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. దగ్గర ఉంచుకోవాల్సినవి నాలుగే: పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం (నగల షాపువాళ్లు కంటికి పెట్టుకునేలాంటిది), చిన్న టార్చి, 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి, కొలవడానికి గుడ్డ టేపు. యూవీ టార్చిని కళ్లలోకి కొట్టుకోకండి, పిల్లలకి ఇవ్వకండి.

మొదటి పని, చేతులు సబ్బుతో కడుక్కుని బాగా ఆరనివ్వడం. సినిమాల్లో చూసి తెల్ల గ్లోవ్స్ కొనకండి, గ్లోవ్స్ వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలియదు, చింపేస్తారు. కాగితం కింద గట్టి అట్ట పెట్టి అట్టతో సహా ఎత్తండి. ఫ్రేములో ఉంటే అమ్మేవాణ్ని అడిగి ఫ్రేము విప్పించండి. విప్పనంటే బేరం అక్కడితో ఆపేయండి. గాజు వెనక ఉన్న ప్రింటు గురించి ఎవరూ ఏదీ ఖాయంగా చెప్పలేరు, నేనైతే అలాంటిదాన్ని ఫ్రేము ధరకే కొంటాను.

తర్వాత కింద ఉన్న అక్షరాలు చదవండి. అందరూ ముఖం చూస్తారు, మీరు మాత్రం అక్షరాల దగ్గర మొదలుపెట్టండి. ఆ కాలపు ఇంగ్లిష్ ప్రింట్ల మీద సాధారణంగా ఎడమ చివర చిత్రకారుడి పేరు, పక్కన 'పింక్సిట్' అనే లాటిన్ మాట ఉంటుంది, అంటే రంగుల్లో వేసినవాడు. కుడి చివర 'స్కల్ప్‌సిట్' ఉంటే రాగి రేకు మీద చెక్కినవాడు, 'ఎక్స్‌కుడిట్' ఉంటే అచ్చేసి అమ్మినవాడు. ఇవి సగం సగం కత్తిరించి రాస్తారు కాబట్టి మొదటి మూడు నాలుగు అక్షరాలు పట్టుకుంటే చాలు. అన్నిటికన్నా కింద ప్రచురణ లైను. 1735లో ఇంగ్లండ్‌లో వచ్చిన చట్టం ప్రకారం రేకు యజమాని పేరూ, మొదట ప్రచురించిన తేదీ ప్రతి ప్రింటు మీదా ఉండాలి, ఉంటేనే కాపీ కొట్టినవాడి మీద దావా. అందుకే 'చట్టం చెప్పినట్టు ప్రచురితం' అనే మాట, తేదీ, పేరు. రోజర్స్ బొమ్మ మీద ఆ పేరు థామస్ హార్ట్.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ తేదీ రేకుది, మీ చేతిలోని కాగితానిది కాదు. అదే రేకు మీద ఇరవై ఏళ్ల తర్వాత అచ్చేసినా 1776 అనే పడుతుంది. కాబట్టి తేదీ చూసి ఎగిరి గంతేయకండి, అది సగం సాక్ష్యమే, మిగతా సగం కాగితం చెప్పాలి.

అక్షరాలు చదివాక భూతద్దం వాటి మీదే పెట్టండి, బొమ్మ మీద తర్వాత. రాగి మీద ఉలితో చెక్కిన అక్షరం గీత మొదట్లో సన్నగా, మధ్యలో లావుగా, చివర మళ్లీ సూదిలా ఉంటుంది, అంచు కత్తిరించినట్టు శుభ్రంగా కనిపిస్తుంది, టార్చి పక్కనుంచి కొడితే సిరా కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటుంది. ఫోటో తీసి అచ్చేసిన నకలులో బొమ్మకి ఏ చుక్కలుంటాయో అక్షరానికీ అవే చుక్కలుంటాయి. నా 180 డాలర్లు పోయింది ఇది తెలియకే. అక్షరాల అంచులన్నీ వరసగా పేర్చిన చుక్కలు, మన దినపత్రికలో ఫోటోని దగ్గరగా చూస్తే ఉంటాయే, అచ్చం అలాంటివి. ఆ చుక్కల అచ్చు వాడకంలోకి వచ్చింది 1880ల తర్వాత, అంటే చుక్కలు కనబడితే ఇంకేం చూడక్కర్లేదు, నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు బొమ్మ. రోజర్స్ బొమ్మ గీతలతో చెక్కిన మామూలు ఎన్‌గ్రేవింగ్ కాదు, మెజోటింట్ అనే పద్ధతి. ఇది మన ఇళ్లలో పెద్దవాళ్లకి చెప్తే టక్కున అర్థమవుతుంది. తిరగలికి గంట్లు కొట్టేవాళ్లు గుర్తున్నారా? నున్నటి రాయిని ఉలితో పొడిచి పొడిచి గరుకు చేస్తారు. మెజోటింట్‌లో రాగి రేకుని పళ్లున్న ఒక పనిముట్టుతో అటూ ఇటూ ఊపుతూ మొత్తం అలా గరుకు చేస్తారు. ఆ దశలో అచ్చేస్తే కాగితమంతా కటిక నలుపు. తర్వాత ముఖం, చేతులు, చొక్కా వెలుగు కావాల్సిన చోట్ల ఆ గరుకుని గీకి, నున్నగా రుద్ది తెలుపు తెస్తారు. అంటే మామూలుగా తెల్ల కాగితం మీద నల్ల గీతలు గీస్తాం, ఇక్కడ చీకట్లోంచి మనిషిని బయటికి లాగుతారు. అందుకే ఆ మఖమల్ నలుపు.

తిరగలి గంట్లు వాడేకొద్దీ అరిగినట్టే ఈ రేకు గరుకూ అరుగుతుంది. రాగి మెత్తటి లోహం, ప్రెస్ ఒత్తిడి ఎక్కువ. మొదట తీసిన ప్రతుల్లో నలుపు లోతుగా, కోటు మడతలు విడివిడిగా కనిపిస్తాయి. చివరి ప్రతుల్లో అంతా బూడిదరంగులోకి దిగి, చీకటి భాగం పాలిపోయి, వెనక ఉన్న మనుషులు మసగ్గా అయిపోతారు. రెండూ అసలువే, ధరలో మాత్రం చాలా తేడా. అమ్మేవాడు 'పాతది కదండీ, వెలిసిపోయింది' అంటే నమ్మకండి, ప్రింటింగ్ సిరాలోని నలుపు మసి నలుపు, అది ఎండకి వెలిసేది కాదు. వెలిసిపోయినట్టుందంటే రేకు అరిగిపోయాక తీసిందని అర్థం.

భూతద్దంలో అసలు మెజోటింట్ ఎలా ఉంటుందంటే, వెలుగూ చీకటీ కలిసే చోట్ల, అంటే బుగ్గ పక్కన, చేతి కింద, చిన్న చిన్న పొడుపులు వరసలుగా, ఆ వరసలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ కనిపిస్తాయి. పనిముట్టు ఊగిన దారి అది. ఫోటోగ్రావ్యూర్ అని ఇంకో మాయదారి పద్ధతి ఉంది, 1879 నాటికి తయారైంది, దానికీ రాగి రేకే, దానికీ ప్రెస్ ఒత్తిడే, దూరం నుంచి చూస్తే మెజోటింట్‌కి తోబుట్టువు. కానీ దాంట్లో వరసలుండవు, సన్న ఇసుక చల్లినట్టు అంతటా సమంగా రేణువులుంటాయి, అక్షరాల్లో కూడా అదే ఇసుక. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు పడతారు, అనుమానంగా ఉంటే లైబ్రరీకి వెళ్లి ఏదైనా 18వ శతాబ్దపు మెజోటింట్ని ఒకసారి కళ్లారా చూసి రండి, ఒక్కసారి చూస్తే మర్చిపోరు.

ప్లేట్ మార్క్ గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను తక్కువ చెప్తా. రేకు అంచు ఒత్తిడికి కాగితంలో చుట్టూ ఒక పల్లపు గాటు పడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఉంటే మంచిదే, కానీ కొత్త నకళ్ల మీద కూడా ఖాళీ రేకుతో నొక్కి ఆ గాటు పెట్టగలరు. లేకపోయినా కంగారు వద్దు, పాతకాలంలో ఆల్బమ్‌లో అతికించుకోడానికి అంచులు కత్తిరించేసేవాళ్లు. ఇంగ్లండ్‌లో జేమ్స్ గ్రేంజర్ 1769లో జీవితచరిత్రల పుస్తకం ఒకటి వేశాక, దాంట్లో పేర్లకి సరిపోయే బొమ్మలు ఎక్కడెక్కడివో తెచ్చి పుస్తకంలో కుట్టించుకోవడం పెద్ద వ్యసనమైంది, దాని పుణ్యమా అని ఎన్ని పుస్తకాలు, ఎన్ని ప్రింట్లు కత్తెర పాలయ్యాయో.

కాగితం దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకోండి. 1776 నాటి కాగితంలో ఎక్కువగా కనిపించేది లెయిడ్ పేపర్: దగ్గర దగ్గరగా సన్న గీతలు, వాటికి అడ్డంగా రెండున్నర సెంటీమీటర్లకి అటూ ఇటూగా దూరం దూరంగా లావు గీతలు, తడకలాగా. కాగితం చేసే జల్లెడ తీగల గుర్తులు అవి. గీతలేమీ లేకుండా మేఘంలా నున్నగా ఉండే వోవ్ పేపర్‌ని ఇంగ్లండ్‌లో వాట్‌మన్ అనే కాగితం తయారీదారు 1757 నాటికే చేశాడుగానీ అప్పట్లో వాడకం తక్కువ. కాబట్టి 1776 తేదీ, వోవ్ కాగితం కలిసి కనబడితే తర్వాత తీసిన ప్రతి అయ్యుంటుందని అనుమానించండి, ఇక వాటర్‌మార్క్‌లో 1820 అనో ఇంకేదో ఏడాది ఉంటే అనుమానం కూడా అక్కర్లేదు. గది చీకటి చేసి యూవీ టార్చి వేయండి: కాగితం నీలం తెలుపులో, ఉతికిన చొక్కాలా జిగేల్మంటే అందులో బ్రైటెనర్లు (తెల్లగా మెరిపించే రసాయనాలు) ఉన్నట్టే, అవి 1950 ప్రాంతం నుంచి కాగితంలోకి వచ్చాయి. పాత గుడ్డపీలికల కాగితం మందకొడిగా, పాలిపోయిన పసుపులో ఉంటుంది.

అన్నీ కుదిరాయా? అయితే కొలతలు రాసుకోండి, ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, మిల్లీమీటర్లలో. బొమ్మది వేరు, ప్లేట్ మార్క్‌ది వేరు, కాగితానిది వేరు. రోజర్స్ బొమ్మ సుమారుగా 14 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు ఉంటుంది. అరచేతి సైజుదో, గోడకి సగం వచ్చేదో కనబడితే అది ఇంకేదో. తర్వాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లలో ఉన్న బొమ్మలు తెరిచి మీ ప్రింటుతో అక్షరం అక్షరం పోల్చండి. స్పెల్లింగ్, కామాలు, అక్షరం మీద చిన్నగా ఎత్తి రాసిన అక్షరాలు, అన్నీ. ఒక్క కామా తేడా ఉన్నా వేరే రేకు కావచ్చు. మెజోటింట్ పోర్ట్రెయిట్ల మీద చలోనర్ స్మిత్ 1878 నుంచి 1883 దాకా వేసిన పెద్ద కేటలాగు స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి, బ్రిటిష్ అధికారుల బొమ్మలకి అది బాగా పనికొస్తుంది.

అక్షరాల్లో 'ఆగ్. విండ్.' లాంటి పొట్టి మాట కనబడితే తెల్లమొహం వేయకండి. ఆగ్స్‌బర్గ్ అనే జర్మన్ ఊరికి పాత లాటిన్ పేరు అది. అమెరికా యుద్ధం వార్తలకి యూరప్ అంతా గిరాకీ ఉండటంతో అక్కడ యోహాన్ మార్టిన్ విల్ లాంటి వ్యాపారులు ఇలాంటి యుద్ధ నాయకుల బొమ్మల్ని తిరిగి చెక్కించి అమ్మారు. అవీ 18వ శతాబ్దానివే, అవీ కొనదగ్గవే, కాకపోతే హార్ట్ పేరున్న రోజర్స్ అని చెప్పి అమ్మకూడదు, కొనకూడదు. అసలు లండన్ పేరు పెట్టుకున్నవి కూడా ఆగ్స్‌బర్గ్‌లోనే తయారై ఉంటాయని అనుమానించే పరిశోధకులున్నారు.

ఇంతదాకా తేల్చింది ప్రింటు సంగతి. మనిషి సంగతి వేరు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కాగితం అసలుది, సిరా అసలుది, తేదీ సరిపోయింది, కాబట్టి రోజర్స్ ఇలాగే ఉండేవాడు అనేసుకుంటారు. కాదు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి వేసిన చిత్రం ఏదీ మనకి మిగల్లేదు, ఈ ముఖం అమ్మకం కోసం ఊహించి వేసిందనే చరిత్రకారులు లెక్కేస్తారు. 1775 నుంచి 1778 దాకా ఇలాంటి బొమ్మల సిరీస్ వచ్చింది, షెపర్డ్, హార్ట్, మారిస్ అనే ప్రచురణకర్తల పేర్లతో. అమెరికన్ సేనానులు వాషింగ్టన్, చార్లెస్ లీ, బెనెడిక్ట్ ఆర్నాల్డ్, పట్నమ్, అందరూ ఉన్నారు. వాషింగ్టన్ బొమ్మ మీద 'విలియమ్స్‌బర్గ్ వాసి అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ ఎదురుగా చూసి గీసింది' అని ఉంటుంది. దాన్ని వాషింగ్టన్ దగ్గర కార్యదర్శిగా చేసిన జోసెఫ్ రీడ్ పంపిస్తే వాషింగ్టన్ 1776 జనవరి 31న జవాబు రాస్తూ, నాకు తెలిసినంతలో ఆ క్యాంప్‌బెల్‌ని నేనెప్పుడూ చూడనేలేదు, నా ముఖంలో మాత్రం కావలసినంత భయం పుట్టించాడు అని వేళాకోళం చేశాడు. బొమ్మలో ఉన్న మనిషే ఆ చిత్రకారుణ్ని చూడలేదంటుంటే ఇంకేం సాక్ష్యం కావాలి?

రోజర్స్ బొమ్మ కింద హోదా కూడా చూడండి: 'అమెరికా వెనక ప్రాంతాల్లోని ఇండియన్లకి సర్వసైన్యాధ్యక్షుడు' (ఇండియన్లంటే ఇక్కడ నేటివ్ అమెరికన్లు). అలాంటి పదవి ఆయనకి ఎప్పుడూ లేదు. ఆయన నడిపింది రేంజర్లని. 1776 ఆగస్టులో ఆయనకి వచ్చిన పని క్వీన్స్ అమెరికన్ రేంజర్లు అనే దళాన్ని పోగుచేయడం, సెప్టెంబర్‌లో నాథన్ హేల్ అనే అమెరికన్ గూఢచారిని పట్టించాడు. ఆ వార్త సముద్రం దాటి లండన్ చేరడానికి వారాలు పడుతుంది, అక్టోబర్ 1 బొమ్మకి అది తెలిసే అవకాశమే లేదు. లండన్ జనానికి 'అడవి మనుషుల నాయకుడు' అనే బొమ్మ కావాలి, వ్యాపారి అది ఇచ్చాడు.

మనకిది కొత్తేం కాదు. వేమన బొమ్మ చూపిస్తే ప్రతి తెలుగువాడూ గుర్తుపడతాడు, కానీ వేమనని చూసి గీసినవాడు ఎవడూ లేడు. కృష్ణదేవరాయలకైతే తిరుమలలో లోహ విగ్రహం ఉంది, ఆయన కాలంలోనిదే అంటారు. రెండూ మన మనసులో ఒకే గోడ మీద ఉంటాయి, సాక్ష్యంగా మాత్రం రెండూ ఒకటి కావు. ఏ పాత అధికారి బొమ్మ దొరికినా ఈ ప్రశ్న వేయండి: చిత్రకారుడి పేరుందా, ఆ చిత్రకారుడు ఆ మనిషిని కలిసే వీలుందా? పింక్సిట్ పక్కన తెలిసిన చిత్రకారుడి పేరుంటే ఆ అసలు పెయింటింగ్ ఇప్పుడెక్కడుందో వెతకండి, దొరికితే పోలిక నమ్మొచ్చు. ముఖం ఊహ అయినంత మాత్రాన ప్రింటు విలువ పడిపోదు, రోజర్స్ బొమ్మకి గిరాకీ ఇప్పటికీ ఉంది.

బేరం దగ్గర చూడాల్సినవి: బొమ్మ లోపలికి కత్తిరించారా, వెనక అట్టకి మొత్తం అతికించేశారా, సెల్లోటేపు మరకలు, పాత మౌంటు (ఫ్రేములో బొమ్మ అంచున పెట్టే అట్ట) చుట్టూ గోధుమరంగు చట్రంలా కాలిన గుర్తు, తుప్పు చుక్కల్లాంటి మచ్చలు. మచ్చలు పర్వాలేదు, అతికించేసింది ఇబ్బంది. ఆన్‌లైన్‌లో కొంటుంటే వెనకవైపు ఫోటో, అక్షరాల దగ్గరి ఫోటో, పక్కనుంచి వెలుతురు కొట్టిన ఫోటో, ఈ మూడూ అడగండి, అసలుది కాకపోతే వెనక్కి తీసుకుంటానని రాతలో ఇప్పించుకోండి. నోటిమాటతో నాకు ఏం జరిగిందో పైన చెప్పానుగా.

ఇంటికి తెచ్చాక దయచేసి మీరే శుభ్రం చేయకండి, తడిగుడ్డ, బ్లీచు, ఇస్త్రీ పెట్టె, ఏవీ వద్దు. యాసిడ్ లేని ఫోల్డర్‌లో పడుకోబెట్టి ఉంచండి. ఫ్రేము కట్టించాలంటే నూలు గుడ్డతో చేసిన మౌంటు బోర్డు, పైఅంచున మాత్రమే జపాన్ కాగితం పట్టీలు, గోధుమ పిండి జిగురు, ముందు యూవీని ఆపే అక్రిలిక్ అని ఫ్రేము షాపులో ఒక్కొక్కటీ విడదీసి చెప్పండి, చెప్పకపోతే డబుల్ సైడ్ టేపు కొడతారు. ఫైర్‌ప్లేస్ పైన, బేస్‌మెంట్‌లో, ఎండ పడే గోడకి వద్దు. ఇండియాలో ఇంట్లో పాత దొరల బొమ్మలున్నవాళ్లు లామినేషన్ మాట ఎత్తకండి, వర్షాకాలంలో గోడకి ఆనించి తగిలించకండి, గోడకీ ఫ్రేముకీ మధ్య నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు పెడితే గాలాడుతుంది. వాటిని అమెరికాలో ఉన్న పిల్లలకి పంపుదామనుకుంటే మాత్రం ఆగండి, 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువుని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, వయసు మీద అనుమానముంటే ముందు భారత పురావస్తు శాఖ (ఏఎస్ఐ) దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి.

చివరిగా ప్రింటు మీద కాదు, ఫోల్డర్ మీద మెత్తటి పెన్సిల్‌తో వివరాలు రాసి పెట్టండి: ఎక్కడ కొన్నారు, ఎప్పుడు, ఎంతకి, కొలతలు, కాగితం రకం, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు. రోజర్స్ అయితే 'మెజోటింట్, థామస్ హార్ట్, 1776 అక్టోబర్ 1, పోలిక ఊహాజనితం' అని. ఆ చివరి రెండు మాటలూ రాస్తే ధర తగ్గుతుందని నా స్నేహితుడొకడు వద్దన్నాడు, నేనైతే రాస్తాను.